రిపోర్టుకెక్కని టి కణాలు

మా అన్నకు ముద్ర కొట్టిన కాగితం ఉంటే తప్ప ఏదీ నిజం కాదు. ఆబిడ్స్‌ల చెప్పుల దుకాణం ఆయనది. తనకు కరోనా వచ్చి తగ్గిన కొన్ని నెలలకు, ఎవడో చెప్పిండని నాంపల్లిల ఒక ల్యాబ్‌కు పోయి యాంటీబాడీ టెస్టు చేయించుకున్నడు. నెగెటివ్ వచ్చింది, అంటే ఒంట్ల రక్షణ లేనట్టే అనుకున్నడు. ఇగ చూడాలె సంబడం! దుకాణం పనోళ్లకు అప్పజెప్పి, తనింటి మేడమీది గదిల దూరి తలుపేసుకున్నడు.

అప్పుడే చాదర్‌ఘాట్‌ల మా ఇంట్ల అమ్మ మంచం పట్టింది. గుండె జబ్బు, కరోనా కాదు. చూపు ఎప్పుడో పోయింది, మా చేతివేళ్లు తడిమి గుర్తుపడుతది. చిన్నప్పుడు షట్టర్ కింద నలిగి అన్న చిటికెనవేలికి గోరు మళ్ల రాలే. ఆ బోడివేలు తగిలితే చాలు, అమ్మ మొకం విచ్చుకుంటది. "పెద్దోడు రాలేదా?" అని పొద్దుమాపు ఒకటే అడుగుడు.

నేను గన్‌ఫౌండ్రీ బడిల పిల్లలకు జీవశాస్త్రం చెప్త. ఫోన్ల మొత్తుకున్న.

"అన్నా, యాంటీబాడీలు తగ్గుతయి. టి కణాలని వేరే ఉంటయి. వైరస్ దూరిన కణం దాని ప్రొటీన్లను ముక్కలు చేసి తన పైపొర మీద పెడుతది. టి కణం అమ్మ లెక్క ఆ ముక్కను తడిమి పోల్చుకొని, ఆ కణాన్ని ఖతం చేస్తది. అట్ల గుర్తుపట్టినయి నీ ఒంట్ల ఇంకా ఉండే ఉంటయి. మాస్కు పెట్టుకో, కిటికీలు తెరుస్త. రా."

"గా టెస్టు ఏడ చేస్తరు? రిపోర్టు ఇస్తరా?"

"గల్లీ ల్యాబ్‌ల చెయ్యరన్నా."

"మరి ఉన్నయని ఎట్ల నమ్మాలె?"

థూ! నా పదో తరగతి పిల్లలు నయం.

డాక్టరు ఇగ కష్టమన్నంక అన్న వచ్చిండు. తెల్ల పీపీఈ సూటు, రెండు మాస్కులు, మొకానికి ప్లాస్టిక్ షీల్డు, చేతులకు బాత్రూం కడిగే లావాటి రబ్బరు గ్లౌజులు. అమ్మ ఆశగ ఆ చెయ్యి పట్టుకొని చిటికెనవేలు దాకా తడిమింది.

"అమ్మా, నేనే," అని లోపలెక్కడి నుంచో గొణిగిండు.

"డాక్టర్ సాబ్, మీరందరు అమ్మా అనే అంటరు. జర నా పెద్దోణ్ణి పిలిపియ్యిన్రి."

"గ్లౌజు తియ్యి!" అని అరిచిన. తియ్యలే. వెనకకు జరిగిండు. తెల్లారేసరికి అమ్మ పోయింది.

ఇప్పుడు దుకాణానికి వచ్చినోళ్లందరికి చెప్పుకుంటడు, ఆఖరికి అమ్మ తన చెయ్యే పట్టుకున్నదని. ఆ గ్లౌజులు మా ఇంట్లనే విడిచిపోయిండు. బాత్రూం కడగనీకె వాడుతున్న.