కూతకు పనికిరాదని రాసిన పిల్ల

మా హైస్కూల్లో నేను వ్యాయామం టీచర్ని. నాకంటే ముందు నా కోపం పుట్టిందని మా ఆయన అంటారు. కిందటేడాది క్రీడాకారుల వ్యక్తిత్వం మీద శ్రీకాకుళంలో ఒకరోజు శిక్షణ పెడితే వెళ్ళాను. పుట్టుకతో వచ్చిన స్వభావం ఎక్కడికెళ్ళినా మారదని ఒక సిద్ధాంతం. చోటును బట్టి నడత మారుతుందని ఇంకోటి. రెండూ కలిస్తేనే మనిషని మూడోది. మొదటిది పొద్దున చెప్పారు, శుభ్రంగా రాసుకున్నాను. మిగతా రెండూ భోజనాలయ్యాక చెప్పారు. ఏం చెయ్యను, కునుకు పట్టేసింది.

వస్తూనే మా కబడ్డీ ఆడపిల్లలకి వాళ్ళిచ్చిన ఇరవై ప్రశ్నల కాగితం పంచాను. నలుగురిలో మాట్లాడటం ఇష్టమా? కొత్తవాళ్ళతో ఇట్టే కలిసిపోతావా? కళింగపట్నం నుంచి వచ్చే తొమ్మిదో తరగతి పిల్ల అన్నిటికీ ‘లేదు’ అనే రాసింది. అసలే హాజరు పిలిస్తే పలకదు, చెయ్యెత్తుతుంది. ఇంకేం, ‘అంతర్ముఖి, కూతకు పనికిరాదు’ అని ఎర్ర సిరాతో రాసేసి, జిల్లా పోటీల జట్టులోంచి తీసి బెంచీ మీద కూర్చోబెట్టాను. ఆ పిల్ల కబడ్డీ బనీను మడిచి నా బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి ఆటకు రాలేదు.

నాకు ఒళ్ళు మండింది. ఇంత పొగరేమిటో అడిగేద్దామని ఆదివారం పొద్దున్నే బస్సెక్కాను.

కళింగపట్నంలో సముద్రం ఒడ్డున ఇసకలో వలలు పరిచి చేపలు ఎండబెట్టారు. ఓ పక్క కాకులు, ఇంకో పక్క కుక్కలు. వాటి వెనకాల ఈ పిల్ల! గుక్క తిప్పుకోకుండా “హే హే హే” అని అరుస్తూ, ఒక్క చేపనీ తొక్కకుండా వరసల మధ్య నుంచి దూకుతోంది. అబ్బో, ఏం కాళ్ళవి!

“ఇదెప్పుడూ ఇలాగే అరుస్తుందా?” అని వాళ్ళమ్మని అడిగాను.

“అరవకపోతే సేపలు మిగుల్తాయేటి, మేడంగోరూ? దీన్ని సూస్తే కుక్కలే దారి మార్సుకుంటాయి.” ఆవిడ గొంతు తగ్గించింది. “బనీను ఇచ్చేసొచ్చిన రోజు అన్నం ముట్టలేదండి.”

తిట్టడానికి వెళ్ళినదాన్ని, సిగ్గుతో చచ్చిపోయాను. “సోమవారం రావే. కూతకి నువ్వే వెళ్తావు” అని మాత్రం అనగలిగాను.

జిల్లా పోటీల్లో ఆఖరి ఆట. ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం, ఆఖరి కూత మాదే. పిల్ల గీత దగ్గర నిలబడి జనాన్ని చూసి బిగుసుకుపోయింది. నోరు పెగల్లేదు. నా చూపు పడగానే తల దించేసుకుంది. నాకు ఆగలేదు.

“ఒసే, కుక్కలొచ్చినాయే! సేపలు సూడు!”

అంపైరు నావైపు వింతగా చూశాడు. చూస్తే చూశాడు! ఆ పిల్ల తల ఎత్తింది, కూత అందుకుంది. ఇద్దర్ని తాకి, మూడో అమ్మాయి చేతుల కిందనుంచి జారి గీత దాటేసింది. గెలిచాం! నేనెగిరిన ఎగురుడికి చెప్పు తెగిపోయింది.

తిరుగు బస్సులో అందరూ పాటలు, ఈలలు. తను మాత్రం కిటికీ పక్కన ఎప్పటిలాగే నోరు మూసుకుని కూర్చుంది, ముఖం నిండా నవ్వు. పక్కన చేరి అడిగాను.

“ఆ కాగితంలో అన్నీ లేదు, లేదు అని ఎందుకు రాశావే?”

కిటికీ వైపు నుంచి తల ఇటు తిప్పింది.

“మాటాడ్డం ఇష్టమా అని అడిగినారు మేడమ్. నాకు ఇష్టం లేదు. ఆడ్డం ఇష్టమా అని అడగలేదు కదా?”

ఇరవై ప్రశ్నలూ ఒక్కొక్కటే గుర్తుచేసుకున్నాను. నిజమే, ఎక్కడా అడగలేదు.