వెయ్యికి మూడు తక్కువ

మా ఆవిడకు ఒకే ఒక్క వ్యసనం. పొద్దున్నే లేచి, మొహమైనా కడుక్కోకుండా, తన పరిశోధన వ్యాసాన్ని ప్రపంచంలో ఎవరెవరు ఎన్నిసార్లు ఉదహరించారో చూసుకోవడం. దాన్ని వాళ్ల భాషలో సైటేషన్ అంటారు. మీరు రాసిన వ్యాసాన్ని ఇంకొకాయన తన వ్యాసంలో పేరు పెట్టి ప్రస్తావిస్తే మీకు ఒక సైటేషన్ పడినట్టు. ఆ అంకె పెరిగిన రోజు మా ఇంట్లో కూని రాగాలు వినిపిస్తాయి. పెరగని రోజు కూరలో ఉప్పు ఉండదు. నేను వాతావరణ వార్తలు చూడడం మానేసి పదేళ్లయింది. ఆవిడ మొహం చూస్తే చాలు.

ఆవిడ రోగనిరోధక శాస్త్రంలో పరిశోధకురాలు. నేను బడిలో డ్రాయింగ్ మాస్టారిని. కణమంటే నాకు సున్నా చుట్టి మధ్యలో చుక్క పెట్టడం మాత్రమే తెలుసు. అయినా స్టాఫ్ రూములో ఆవిడ అంకె రోజూ ప్రకటించేది నేనే.

"ఇవాళ తొమ్మిది వందల ఎనభై రెండు!" అనేవాణ్ణి.

"షుగరా మాస్టారూ?" అని అడిగేవాడు లెక్కల మాస్టారు.

ఇంట్లో ఏ గొడవొచ్చినా ఆవిడ కొలత అదే. ఒకసారి నేను విసుక్కున్నాను. "గ్యాస్ బుక్ చెయ్యమని నిన్ననే చెప్పానుగా! మొన్న కూడా చెప్పాను!"

ఆవిడ తల ఎత్తకుండానే అంది. "మిమ్మల్ని మీరే ఉదహరించుకుంటే లెక్కలోకి రాదండీ. ఇంకెవరైనా అన్నారా?"

మా అమ్మ ఊరుకునే మనిషి కాదు. "జ్వరానికి లంఖణం పరమౌషధం" అని ఆవిడ అంటే, కోడలు "అత్తయ్యా, మూలం ఎక్కడ?" అని అడిగింది.

"మూలమేంటే? మా అమ్మ!"

"ఆవిడ ఎక్కడ ప్రచురించారు?"

"తొమ్మిదిమంది పిల్లల మీద!"

ఆ సమాధానానికి మా ఆవిడ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. అప్పటినుంచి మా అమ్మ కూడా తయారైంది. సాయంత్రం పార్కునుంచి రాగానే, "నా మాట ఇవాళ ముగ్గురు చెప్పుకున్నారు, కోడలా. ఒకావిడైతే నా పేరు పెట్టి మరీ చెప్పింది" అని లెక్క అప్పగించేది.

మా ఆవిడ పన్ను పీకించుకోవడానికి వెళ్లినప్పుడు సగం దవడ మొద్దుబారి ఉండగా ఫోను కోసం చెయ్యి చాచింది. డాక్టరు భయపడి, "నొప్పిగా ఉందా అమ్మా?" అన్నాడు. "హెంహు హెహిగాయి" అంది. రెండు పెరిగాయి అని ఆయనకు అనువాదం చెప్పింది నేను.

ఇంతకీ ఆ వ్యాసం సంగతి. మన ఒంట్లోకి జబ్బు దూరితే దానితో పోట్లాడే కణాలుంటాయి. జబ్బు పోయాక కూడా కొన్ని కణాలు కర్ర దించవు. సొంత ఇంటి సామాన్లే విరగ్గొడుతుంటాయి. వాటికి 'చాలు, ఇక ఇళ్లకు వెళ్లండి' అని చెప్పే ప్రోటీను ఒకటి ఉందని కనిపెట్టిన వ్యాసం అది. అచ్చయి పదమూడేళ్లు. ఈ సంవత్సరం దాని లెక్క తొమ్మిది వందల తొంభై ఏడు దగ్గరికొచ్చింది.

సంస్థ డైరెక్టరుగారికి ఆత్రం ఆగలేదు. "మూడేగా! శుక్రవారం వార్షికోత్సవానికి వచ్చేస్తాయి" అని హాలంతా అలంకరింపజేశారు. 'వెయ్యి' అని గుమ్మమంత అక్షరాలతో బ్యానరు కట్టించారు. అదే రోజు మా ఆవిడను విభాగాధిపతిగా ప్రకటిస్తామని కూడా చెప్పారు. నేను బడికి సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, అమ్మనూ అమ్మాయినీ వెంటేసుకుని మొదటి వరసలో కూర్చున్నాను.

మధ్యాహ్నం మూడింటికి డైరెక్టరుగారు మైకు పట్టుకున్నారు. "ఇప్పుడు మనమందరం ఆ అంకెను కళ్లారా చూద్దాం!" అని తెర మీద మా ఆవిడ పేజీ తెరిపించారు.

వ్యాసం పేరు ఉంది. దాని పక్కన సున్నా ఉంది.

డైరెక్టరుగారు కళ్లజోడు తుడుచుకున్నారు. కంప్యూటరు దగ్గర కూర్చున్నాయన పేజీని మళ్లీ తెరిచాడు. మళ్లీ సున్నా. "వెయ్యిలో మూడు సున్నాలుంటాయిగా, మిగతావి వస్తున్నాయేమో" అంది మా అమ్మ.

నేను కంగారుగా మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ తెర వంక చూస్తూ నవ్వుతోంది. మామూలు నవ్వు కాదు. మా అమ్మాయి పుట్టినప్పుడు చూశాను, మళ్లీ ఇదిగో ఇప్పుడు.

"వచ్చేసింది!" అని గట్టిగా అరిచి, స్టేజి ఎక్కి మైకు లాక్కుంది. "అంకె కాదు సార్, పక్కనున్న పేర్లు చదవండి. మొదటి పేరు ఎవరిది?"

డైరెక్టరుగారు చదివారు. ఆ పేరు చాలామందికి తెలియదు. ఎందుకంటే ఆ మనిషిని సంస్థలో అందరూ ఎలుకలక్క అంటారు. ఇరవై రెండేళ్లుగా ప్రయోగాల ఎలుకలకు మేత వేసి, బోనులు కడిగి, వాటి బాగోగులు చూసే ఉద్యోగి. ఆ నిమిషంలో కూడా ఆవిడ వెనక తలుపు దగ్గర నిలబడి ఉంది.

"పద్నాలుగేళ్ల కిందట జబ్బు తగ్గిన ఎలుకలన్నీ మూలల్లో ముడుచుకుని పడుంటే, కింది వరసలో నాలుగు మాత్రం చక్రమెక్కి పరుగులు తీశాయి" అంది మా ఆవిడ. "అది చూసింది ఈవిడ. మూడు నెలలు రోజూ పుస్తకంలో రాసింది ఈవిడ. ఆ నాలుగింట్లోనే మాకు ప్రోటీను దొరికింది. పేరు వేద్దామంటే అప్పటి మా పెద్ద ప్రొఫెసరుగారు, 'మేత వేసేవాళ్ల పేరు వేస్తే రేపు ఎలుకల పేర్లు కూడా వెయ్యాలి' అన్నారు. అందరూ నవ్వారు. నేను కొత్తగా చేరాను. నోరు మూసుకున్నాను."

ఆ తప్పు దిద్దాలంటే రచయితలందరూ సంతకం పెట్టాలట. పెద్ద ప్రొఫెసరుగారు తొమ్మిదేళ్లు పెట్టలేదు. చివరికి పోయిన నెల మా ఆవిడ ఆ పాత పుస్తకాలు మోసుకుని ఆయన ఇంటికి వెళ్లి, ఒక్కో పేజీ తిప్పుతూ "ఈ చేతిరాత ఎవరిది సార్?" అని అడిగింది. పదిహేడో పేజీ దగ్గర ఆయన కలం తీశారట.

పేర్ల వరస మారితే లెక్కపెట్టే యంత్రానికి అది కొత్త వ్యాసం. పాత లెక్క మళ్లీ వచ్చి కలవడానికి ఎన్నాళ్లు పడుతుందో ఎవరికీ తెలియదు.

ఇంటికొచ్చాక అడిగాను. "లెక్క పోతుందని నీకు ముందే తెలుసా?"

"తెలుసు. లైబ్రరీలో చెప్పారు."

"మరి రోజూ పొద్దున్నే లేచి ఆ చూడడం..."

"పోయిన నెల పత్రికకు దరఖాస్తు పెట్టిన దగ్గర్నుంచి పేరు మారిందేమోననే చూస్తున్నానండీ. అంకె ఎలాగూ పక్కనే ఉంటుంది, కంట పడుతుంది." ఒక్క క్షణం ఆగి, "సరే, అంకె కూడా చూశాను. నేనూ మనిషినే" అంది.

విభాగాధిపతి పదవి ఆరు నెలలు వాయిదా పడింది. ఫైల్లో సున్నా ఉంటే పైవాళ్లు ఒప్పుకోరన్నారు డైరెక్టరుగారు. మా ఆవిడ ఆ కబురు విని ఇంకో ముద్ద అన్నం కలుపుకుంది. ఎలుకలక్కకు మాత్రం, అచ్చయిన పని ఏదీ లేదని రెండుసార్లు తిప్పికొట్టిన పీహెచ్‌డీ సీటు ఈసారి దొరికింది. నలభై ఎనిమిదేళ్ల వయసులో సంచి భుజానికేసుకుని తరగతికి వెళ్తోంది.

వార్షికోత్సవం మర్నాడే స్టాఫ్ రూములో లెక్కల మాస్టారు, "ఇవాళ ఎంత మాస్టారూ?" అని అడిగాడు.

"సున్నా!" అన్నాను, ఎన్నడూ లేనంత గట్టిగా.

నిన్న పొద్దున ఆరింటికి మా ఇంట్లో ఫోను మోగింది. అటునుంచి ఎలుకలక్క. గొంతులో ఎక్కడలేని కంగారు.

"మేడం, లేచారా? ఒకటి పడింది! ఎవరో మనల్ని చెప్పుకున్నారు! నేను నాలుగింటినుంచీ చూస్తూనే ఉన్నాను!"

"నాలుగింటినుంచా? మొహం కడుక్కున్నావా?" అంది మా ఆవిడ.

"లేదు మేడం!"

మా ఆవిడ ఫోను చేత్తో మూసి, నా వైపు తిరిగి, గర్వంగా చెప్పింది. "బాగుపడుతుందండీ ఈ పిల్ల."