మా ఆవిడ ఆఖరి చీరకు నేను పెట్టిన కత్తెర

ఈ భూమ్మీద కత్తెర పట్టినవాళ్ళు కోట్లమంది ఉంటారు. కానీ ఒక్క మధ్యాహ్నంలో, ఒక్క కత్తెరతో, కట్టుకున్న భార్య పరలోక ప్రయాణాన్నే ఇరవై నాలుగు ముక్కలు చేసిన ఘనుణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటాను. నవ్వుతూ చదవండి, పర్వాలేదు. కాకపోతే ఈ కథలో నవ్వే చోటూ ఏడ్చే చోటూ పక్కపక్కనే ఉన్నాయి. చూసుకుని అడుగెయ్యండి.

అప్పటికి నా వయసు అరవై తొమ్మిది. చిన్నతనం, దూకుడు.

రెడ్డిగూడెం పక్కన మాకు నూరెకరాల మామిడితోట ఉంది. సరే, నాలుగెకరాలు. అందులోనూ ఓ ఎకరం మా పాలివాళ్ళది. ఆ ఏడు కోత ముగిసి చెట్లూ ఖాళీ, నా చేతులూ ఖాళీ. మా ఆవిడ సావిత్రి కంటికి శుక్లం ఆపరేషన్ చేయించుకోవడానికి చింతలపూడిలో మా అమ్మాయి దగ్గరికి బయల్దేరింది. బస్సు మెట్టు మీద నిలబడి, ఉన్నట్టుండి ఒక మాట వదిలింది.

"పెళ్ళై నలభై ఆరేళ్ళు. మీ చేత్తో చేసిచ్చిన వస్తువు నా దగ్గర ఒక్కటంటే ఒక్కటి ఉందాండీ?"

నేను జవాబు వెతుక్కునేలోపు బస్సు కదిలిపోయింది. జవాబు వెతుక్కోవడానికి నాకు పది రోజులు మిగిలాయి.

బొంత కుట్టాలని తీర్మానించాను. చలికాలం వస్తే మోకాళ్ళు పట్టేసే మనిషికి పాత చీరల బొంతను మించిన బహుమతి ఏముంటుంది? ఆవిడ కాలి మిషను ఇంట్లో ఉండనే ఉంది. కుట్టుపని నాకేం కొత్త కాదు. కుర్రతనంలో దొరబాబులకు కోట్లు కుట్టినవాణ్ణి. (ఒక గుండీ కుట్టాను. చొక్కా విప్పబోతే తెలిసింది, బనియనుతో కలిపి కుట్టేశానని.)

సూది కోసం సోదికెళితే పాత బాగోతాలన్నీ బయటపడతాయంటారు. నేను గుడ్డ కోసం ట్రంకుపెట్టెలో దిగాను. పైనున్నవన్నీ జారిపోయే పాలిస్టరు చీరలు. బొంతకు నూలే కావాలి. నలిగిన నూలు చీరలు మూడు దొరికాయి, మధ్యభాగానికి ఇంకొకటి తక్కువైంది. పెట్టె అట్టడుగున, తువ్వాలులో చుట్టి, ఎండిన వేపాకు మధ్య ఒకటి కనిపించింది. లేత ఆకుపచ్చ, ఎర్ర అంచు. విప్పి చూస్తే రెండు మూలలా గోధుమరంగు మరకలు.

నూజివీడు చుట్టుపక్కల పుట్టినవాడికి గుడ్డ మీద మరకంటే ఒకటే అర్థం. మామిడి రసం. పెద్దరసం పండు పిండుకుంటూ ఒలకబోసుకుని, మరక వదలక, నాకు తెలిస్తే నవ్వుతానని దాచేసింది కాబోలు, పాపం పిచ్చిది! కత్తెర తీశాను. నాలుగు చీరలూ చతురస్రాలుగా కోసి పారేశాను.

ఇక మిషను. దాన్ని నేను ముందుకు తొక్కితే అది వెనక్కి తిరిగేది. నేను వెనక్కి తొక్కితే అది దారం మింగేది. మూడోరోజుకు ఎలాగో జానెడు కుట్టు పడింది. సంబరంగా లేవబోతే మిషను కూడా నాతోపాటు లేచింది. నా లుంగీ అంచు బొంతలో కలిసిపోయింది.

"నాగమణీ! ఒసే నాగమణీ!" అని కేక పెట్టాను. ఎదురింటి నాగమణి ఊళ్ళో అందరికీ జాకెట్లు కుట్టే మనిషి. పరుగున వచ్చి, గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఇదేంటి బాబాయ్ గారూ, మిషన్ని చంకనెత్తుకున్నారు?"

"ఎత్తుకోలేదు. అదే నన్ను పట్టుకుంది. విడిపించు."

కుట్లు విప్పే చిన్న కొక్కెం తెచ్చి నన్ను విడిపించింది. "ఇది మీ దగ్గరే ఉంచుకోండి. మీకు సూది కన్నా ఇదే ఎక్కువ పనికొస్తది" అంటూ ముక్కలు తిరగేసింది. ఆకుపచ్చ ముక్క దగ్గర ఆగింది.

"ఇందులో గంజి కూడా పోలేదు. పాత చీరంటారేంటి?"

"పాతదే. మరక చూడు. రసం మరక."

"రెండు మూలలకీ ఒకేలాగ పడిందా?"

"మీ పిన్ని రెండు చేతులతో తింటుందిలే. నువ్వు బాబిన్ ఎక్కించు."

పాపం, దేవుడు నాగమణి రూపంలో వచ్చి హెచ్చరించాడు. నేను దేవుడి చేత బాబిన్ ఎక్కించుకున్నాను.

పదోరోజు సావిత్రి నల్లకళ్ళజోడుతో దిగింది. ఎక్కువ చూడొద్దన్నారట. మంచం మీద కూర్చోబెట్టి బొంత ఒళ్ళో పెట్టాను.

"ఏంటండీ ఇది?"

"నా చేత్తో కుట్టాను. నీ కోసం."

ఆవిడ బొంత మీద వేళ్ళు నడిపించడం మొదలెట్టింది. "ఇది అమ్మాయి పుట్టినప్పటి చీర... ఇది దుర్గగుడికి కట్టుకెళ్ళింది... కుట్టు ఇంత వంకరేంటి, దారి తప్పిన మేకలాగ?" అని నవ్వుతోంది. నేను మీసం తిప్పుతున్నాను. అంతలో వేళ్ళు మధ్యలోకి వచ్చి ఆగిపోయాయి.

"ఇదేది?"

"ఏదో పాతదిలే."

"ఏమండీ. పెట్టె అడుగున మూట విప్పారా?"

నల్లద్దాల కిందనుంచి నీళ్ళు కారాయి. ఆపరేషను కన్ను, ఏడవకూడదు.

"మా తమ్ముడు పెట్టిన చీరండీ అది. మంచం పట్టినవాడు, లేచి విస్సన్నపేట వెళ్ళి కొనుక్కొచ్చాడు. 'అక్కా, నీకు ఆఖరి చీర పుట్టింటివాళ్ళే కదే పెట్టాలి. నేను ముందు పోతే ఎవరున్నారు నీకు? ఇప్పుడే తీసుకో' అని మూలలకి పసుపు పెట్టి ఇచ్చాడు."

పసుపు. పదకొండేళ్ళు చీకట్లో ఉండి గోధుమరంగు తిరిగిన పసుపు. దాన్ని నేను మామిడి రసమన్నాను. ఆ తమ్ముడు పెళ్ళాం పిల్లలు లేకుండానే పోయాడు. పుట్టింట్లో దీపం పెట్టే దిక్కు కూడా లేదు. మా వైపు ఆడమనిషికి పుట్టింటి చీర లేకుండా వెళ్ళిపోవడమంటే, నా అన్నవాళ్ళు లేనిదాన్నని నలుగురిలో చెప్పుకుని వెళ్ళడమే.

చీర కోశాక కొలతలు వెతుక్కున్నట్టు, మర్నాడే నూజివీడు పోయి అదే రంగు చీర తెచ్చి, నేనే పసుపు పెట్టాను.

"మొగుడు తెస్తే పుట్టింటి చీర ఎలా అవుతుందండీ?"

"పోనీ, దీనివరకూ నన్నే అన్నయ్య అనుకో."

"నోర్ముయ్యండి!"

మూడు రోజులు ఇంట్లో గిన్నెలు తప్ప ఎవరూ మాట్లాడలేదు. నాలుగోరోజు పొద్దున్నే బొంత తెచ్చి నా ముందు పడేసింది.

"విప్పండి. మళ్ళీ చీర చెయ్యండి."

వానాకాలమంతా అదే పని. కొక్కెంతో నేను విప్పడం, వరస చూసి ఆవిడ ముక్కలు పేర్చడం. కొత్త చూపుతో సూదిలోకి దారం ఒక్క విసురుకే ఎక్కించేది. "మెల్లగా లాగండి, చీర అది, మామిడికొమ్మ కాదు" అని నా వేళ్ళ మీద ఒక్కటిచ్చేది. సగం కుట్లు ఆవిడవి. తక్కినవి, సిగ్గులేకుండా చెబుతున్నాను, నావి. కుట్టు కుట్టుకీ కాస్త గుడ్డ లోపలికి పోయి, అయ్యేసరికి చీర మూరెడు తగ్గింది.

"పొట్టిదైపోయిందే, సావిత్రీ" అన్నాను భయంగా.

"పోనివ్వండి. అప్పుడు నేనేమైనా నడవాలా?"

ఇద్దరం నవ్వాం. నవ్వాక నేను వసారాలోకి వెళ్ళి చాలాసేపు తోట చూస్తూ నిలబడ్డాను.

పోయిన మాఘమాసంలో సావిత్రి వెళ్ళిపోయింది. స్నానం చేయించాక అమ్మాయి ఆ చీర తీసి ఆడవాళ్ళ చేతికిచ్చింది. వరసకు పెద్దమ్మ అయ్యే ఒకావిడ మడత విప్పి బుగ్గలు నొక్కుకుంది.

"ఇదేం చీరే తల్లీ, ఇన్ని కుట్లు? పుట్టింటిదేనా అసలు?"

అందరూ నా వైపు తిరిగారు. నేను నోరు తెరిచాను. జీవితమంతా పిలవకుండానే వచ్చిన అబద్ధం ఆ పూట పిలిచినా రాలేదు.

"చీర పుట్టింటిదేనండీ. కుట్లు అత్తింటివి" అన్నాను.

కాబట్టి పాఠకమహాశయులారా, ఇక ఈ జన్మలో ఏ ఆడకూతురి పెట్టే తెరవనని, మూలన పసుపున్నా రసమున్నా ఏ చీర మీదా కత్తెర పెట్టనని ఒట్టేస్తున్నాను. ఒట్టంటే మనిషి నెత్తి మీద చెయ్యి పెట్టి వెయ్యాలి. నేను ఒట్టేసే నెత్తి ఇప్పుడు లేదు గనక, ఆవిడ కుట్టుమిషను తలకాయ మీద చెయ్యి పెట్టి మరీ వేస్తున్నాను. అదేం మాట్లాడటం లేదు. నమ్మినట్టు లేదు.