తప్పులు దిద్దే ప్లగిన్

ఆమదాలవలస స్టేషన్ రోడ్డులో డీటీపీ షాపు నడిపే లీలారాణికి అనుమానం ఉగ్గుపాలతో అబ్బింది. పాలవాడు ఎదురుగా నిలబడి ఉండగానే గిన్నెలో వేలు ముంచి నాకి చూస్తుంది. చర్చిలో ప్రార్థనకి అందరూ కళ్లు మూసుకుంటే, ఈవిడ మాత్రం ఒక కన్ను గుమ్మం దగ్గర విప్పిన చెప్పుల మీదే ఉంచుతుంది. మొగుడు ఆదాము, “పెళ్లినాడు నా మీద కూడా అనుమానమేనేటే?” అని ఏడిపిస్తే, “ఇప్పుడు తీరిపోనాదనుకున్నావేటి?” అంటుంది. అందులో వేళాకోళం సగమే.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి, ఆ అనుమానమే ఆవిడకి అన్నం పెట్టింది. శుభలేఖైనా, కర్మ కార్డయినా ప్రింటుకి పోయే ముందు అక్షరం అక్షరం వేలు పెట్టి చదివేది. రాణమ్మ షాపులో తప్పు పడదని చుట్టుపక్కల ఊళ్లన్నీ చెప్పుకునేవి. టైపు చేసేది నీలవేణి. ఇద్దరు పిల్లల తల్లి, పొందూరు నుంచి రోజూ రైల్లో వస్తుంది. షాపు తెరిచిన నాటి నుంచి ఆవిడే. మధ్యాహ్నం ఇద్దరూ ఒకే క్యారేజీలో తినేవారు.

రెండువేల పదహారులో మరిది విక్టర్ విశాఖపట్నం నుంచి వచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాడు.

“వొదినా, నీకు రెండు ప్లగిన్లు పెడతాను సూడు. ఉన్న సాఫ్ట్‌వేరుకే తగిలిస్తాం. ఒకటి నెట్లో ప్రకటనలు రాకండా ఆపుతాది, ఇంకోటి తెలుగులో తప్పులు దిద్దుతాది.”

“ఎంతేటి?”

“ఊరికినే.”

“ఊరికినే ఎవడిస్తాడ్రా? మన కార్డులన్నీ సదివీసి ఎవడి సెవిలో ఊదుతాదో!”

కొన్నాళ్లు ఆ తప్పులు దిద్దేదాన్ని దొంగని చూసినట్టే చూసింది. కావాలని తప్పులు కొట్టి పరీక్ష పెట్టింది. ‘ఆహ్వనం’ అని కొడితే దానంతట అదే ‘ఆహ్వానం’ అయింది. ‘ముహుర్తం’ కొడితే ‘ముహూర్తం’ అయింది. ఎంత వెతికినా కీడేమీ కనబడలేదు. మెల్లమెల్లగా ఆవిడ వేలు పెట్టి చదవడం మానేసింది. పుట్టి బుద్ధెరిగాక ఎవర్నీ నమ్మని మనిషి పోయి పోయి దాన్ని నమ్మింది, ఏం చెప్పమంటారు!

మరి అనుమానం ఖాళీగా కూర్చుంటుందా? రోడ్డుకి అవతల గోపి అనేవాడు కొత్తగా డీటీపీ షాపు పెట్టాడు. అతను నీలవేణికి మేనత్త కొడుకు. ఒకరోజు ఆవిడ అక్కడ నిలబడి టీ తాగుతూ కనబడేసరికి లీలారాణి గుండెలో రాయి పడింది. ఆ మధ్యాహ్నం అన్నం సయించలేదు.

తరవాత వారమే సోములనే రైతు కార్డుల కట్ట పట్టుకుని ఊగిపోతూ వచ్చాడు. తండ్రి పెద్దకర్మ కార్డులవి.

“ఏటమ్మా ఇది? పోయినోడు మా నాన్న లక్ష్ముడు. మీరు మా సిన్నాన్న లక్ష్మణుడి పేరేసీసినారు! సగం ఊళ్లు పంచీసినాక సూసుకున్నాం. బతికున్నోణ్ణి సంపీసినారని మా పిన్ని శోకాలెడతన్నాది!”

అతను రాసిచ్చిన కాగితంలో లక్ష్ముడనే ఉంది. లీలారాణి నీలవేణి వైపు తిరిగింది.

“నాను కాయితం సూసి లక్ష్ముడనే కొట్టినానక్కా, ఒట్టు.”

“మరి ఎవులు మార్సినారు, దెయ్యమా? నా షాపు పేరు సెడితే గిరాకీ ఎవుడికెళ్తాదో నాకు తెల్దేటి? నీ బావ నేర్పినాడా ఇది?”

నీలవేణి మొహం పాలిపోయింది. క్యారేజీ కూడా తీసుకోకుండా మెట్లు దిగి వెళ్లిపోయింది.

కొత్త కార్డులు వేసిస్తానని సోములుని కూర్చోబెట్టి, లీలారాణి స్వయంగా టైపు చేసింది. లక్ష్ముడు అని కొట్టి స్పేస్ నొక్కింది. కళ్ల ముందే లక్ష్మణుడు అయిపోయాడు. చెరిపి మళ్లీ కొట్టింది. మళ్లీ లక్ష్మణుడే. ఎందుకైనా మంచిదని, ఆ చుట్టుపక్కల ఊరికి నలుగురు పెట్టుకునే ఇంకో పేరు, దేముడు అని కొట్టింది. దేవుడు అయి కూర్చున్నాడు.

ఫోన్లో విక్టర్, “దాని నిగంటులో లేని మాటల్లా తప్పేననుకుంటాది వొదినా,” అన్నాడు.

“ఒరే, మా ఊళ్లో పెట్టుకున్న పేరు తప్పెలాగవుతాదిరా? ముందు దీన్నెలా తియ్యాలో సెప్పు!”

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనాయన్నట్టయింది ఆవిడ పని. ప్లగిన్ తీసేసి, కొత్త కార్డులు వేసి సోములుకిచ్చి, చిన్నాన్న కాళ్లు పట్టుకుంటానని చెప్పి పంపేసి, పొందూరు రైలెక్కింది. దారిపొడుగునా ఏడుపు ఆగలేదు.

నీలవేణి వాకిట్లో బట్టలు ఆరేస్తోంది. చెప్పిందంతా మధ్యలో అడ్డం రాకుండా వింది. పీట వేసి కూర్చోబెట్టింది, మంచినీళ్లిచ్చింది.

“తప్పు నాదేనే. రేపు షాపుకి వచ్చీయ్,” అంది లీలారాణి.

“నిన్న మొన్న వొచ్చిన దాన్ని నమ్మినావక్కా. నీ కంచంలో తిన్నదాన్ని నమ్మనేదు.”

“కోపంలో అన్నాను, మనసులో పెట్టుకోకే.”

“గోపి బావ షాపు తెరిసిన్నాటి నుంచీ రమ్మంటన్నాడు. ఆ దినం టీ తాగతా రానని సెప్పడానికే ఎళ్లినాను.” నీలవేణి తడిబట్ట పిండి తీగ మీద వేసింది. “నువ్వా మాటన్నాక, వొస్తానని కబురెట్టీసినాను.”