బాగున్నానన్నందుకు దొరికిన జ్వరం మాత్ర

నాకు కీళ్ళవాతం వచ్చి చాలా ఏళ్ళయింది. ఈ పరాయిదేశంలో, యీషున్ పేటలోని మా ఫ్లాట్‌లో అదీ ఒక మనిషే. చెప్పకుండా అలుగుతుంది, బతిమాలితే తగ్గుతుంది. ఆసారి మాత్రం ఎంత బతిమాలినా తగ్గలేదు. మణికట్లు బూరెల్లా పొంగాయి. ఆసుపత్రిలో చేర్చారు.

మా పుట్టింట్లో ఒక పద్ధతుండేది. ఎవరు పలకరించినా ముందు "బాగున్నాం" అనాలి. కష్టమేదైనా ఉంటే, వచ్చినవాళ్ళు కూర్చుని మంచినీళ్ళు తాగాక చెప్పుకోవాలి. గుమ్మంలోనే మూలుగు మొదలుపెడితే మా నాయనమ్మ నెత్తిన మొట్టేది. ఆ మొట్టికాయ ఇప్పటికీ పనిచేస్తోంది.

పొద్దున్నే డాక్టరొస్తాడంటే, నర్సమ్మ చేత జడ వేయించుకుని, బొట్టు పెట్టించుకుని కూర్చున్నాను. పెద్ద డాక్టరు ముందు పడుకుని ఉంటే ఏం మర్యాద? నర్సమ్మ తమిళపిల్ల. పదిలో నొప్పి ఎంత ఆంటీ అని అడిగింది. పదంటే మరీ ఆశపోతుననుకుంటారని మూడన్నాను. ఇంతలో డాక్టరొచ్చాడు.

"హౌ ఆర్ యూ, ఆంటీ?"

"ఫైన్, ఫైన్" అన్నాను నవ్వుతూ.

మూడు నొప్పికి తగ్గ మందే వచ్చింది, జ్వరానికి వేసుకునే మాత్ర! మధ్యాహ్నానికి మంచినీళ్ళ గ్లాసు కూడా ఎత్తలేకపోయాను.

కోడలు ఆఫీసు నుంచి వచ్చేసరికి అన్నం కంచంలో అలాగే ఉంది.

"అదేంటండీ అత్తయ్యగారూ, తినలేదు?"

"వేళ్ళు ముడుచుకోటం లేదే. ముద్ద కలపలేకపోతున్నా."

"మరి డాక్టరుకేం చెప్పారు?"

"ఫైనన్నాను."

"ఆయనేమన్నా పెళ్ళిచూపులకొచ్చాడాండీ, బాగున్నానని చెప్పటానికి?"

"కూర్చుంటే చెబుదామనుకున్నానే. నిలబడే వెళ్ళిపోయాడు."

"ఇక్కడ ఎవరూ కూర్చోరండీ. ముందు నొప్పి, తర్వాత మర్యాదలు."

గబగబా వెళ్ళి నర్సమ్మని పిలుచుకొచ్చింది. "ఈవిణ్ణి అంకె అడక్కండి, ఎప్పుడూ తగ్గించే చెబుతుంది. ఏ పని చేసుకోలేకపోతోందో అడగండి" అంది ఇంగ్లీషులో.

నర్సమ్మ అలాగే అడిగింది. చెప్పాను. అన్నం కలపలేను. జాకెట్టు హుక్కు పెట్టుకోలేను. దుప్పటి అంచు తగిలినా ప్రాణం పోతోంది. ఇదంతా నవ్వకుండా చెప్పటమే నాకు కష్టమైంది. నర్సమ్మ ముఖం మారిపోయింది. "నవ్వుతూనే ఉన్నారు కదా ఆంటీ, తగ్గిందనుకున్నాం" అంటూ డాక్టరుకి ఫోన్ చేసింది.

ఆయన మళ్ళీ వచ్చాడు, నిలబడే విన్నాడు. నరంలోకి గట్టి మందు ఎక్కించారు. నొప్పి ముదిరేదాకా ఓర్చుకోవద్దు, మొదలవగానే గంట నొక్కండి అని మరీ మరీ చెప్పాడు. సాయంత్రానికి పెరుగన్నం నా చేత్తో నేనే తిన్నాను. అంత రుచైన పెరుగన్నం మళ్ళీ తినలేదు.

మర్నాడు ఆయన రాగానే నోటికి అలవాటైన ఫైన్ వచ్చేసింది. ఈసారి ఆయన నమ్మలేదు. "ఏదీ, పిడికిలి పట్టండి" అన్నాడు. వేళ్ళు సగం దాకా ముడుచుకుని ఆగిపోయాయి.

"మందు ఇంకా కావాలా ఆంటీ?"

కోడలు నావంకే చూస్తోంది. నాయనమ్మ మొట్టితే మొట్టనీ అని తల ఒగ్గి, "వాంట్, డాక్టర్" అన్నాను.