పాత రిగ్‌తో ఫ్రీఫ్లై నేర్చుకోవచ్చా: సూరత్ నుంచి కిమ్ దాకా

నా భార్య సుజాత చివరి రోజు ఒక మంగళవారం. పొద్దున్న రెండు చెంచాల జావ తాగింది. డాబా మీద ఆరేసిన దుప్పట్లు తెచ్చారా అని అడిగింది. తెచ్చానన్నాను, తేలేదు. మధ్యాహ్నం నిద్రపోయింది. నాలుగింటికి నర్సు నాడి చూసి నన్ను బయటికి పిలిచింది. ఆ రోజు గురించి ఇంతకంటే రాయను.

పదకొండు నెలలైంది. పోయిన వారం సుజాత చెల్లెలి కూతురు శ్రావ్య వడోదర నుంచి ఫోన్ చేసింది. "పెద్దమ్మ రిగ్ అలమారాలో ఊరికే ఉంది కదా పెద్దనాన్నా. నాకిస్తే ఈ సీజన్‌లో దాంతోనే ఫ్రీఫ్లై మొదలుపెడతా" అంది. రిగ్ అంటే వీపుకు తగిలించుకునే సంచీ, పట్టీలు, లోపలుండే రెండు పారాచూట్లు, అన్నీ కలిపి. మామూలుగా విమానంలోంచి దూకినవాళ్లు పొట్ట నేలవైపు పెట్టి పడతారు. ఫ్రీఫ్లైలో కూర్చున్నట్టుగానో తలకిందులుగానో పడతారు. వేగం గంటకు రెండు వందల యాభై కిలోమీటర్లు దాటుతుంది. సుజాత నలభై దాటాక దూకడం నేర్చుకుంది. ఆ రిగ్ నేను కొనిచ్చిందే, సెకండ్ హ్యాండ్. శ్రావ్యకు ఇస్తానని అప్పటికప్పుడే మాటిచ్చాను. అత్యవసరానికి ఉండే రిజర్వ్ పారాచూట్‌ను మళ్లీ మడిపించి సీలు వేయిస్తే చాలనుకున్నాను. సుజాత ఫోన్‌లో 'రాజమల్లు, రిగ్గర్, కిమ్' అని ఒక నంబరు దొరికింది. రిగ్గరంటే పారాచూట్లు మడిచి పరీక్షించేవాడు, కిమ్ సూరత్‌కు దగ్గర్లోని ఊరు. ఈ ప్రయాణం అలా మొదలైంది.

నిన్న ఉదయం ఏడుంపావుకు సూరత్‌లో మా ఇంటి దగ్గర, అడాజన్‌లో ఆటో ఎక్కాను. స్టేషన్‌కు నూట యాభై అడుగుతారు, ఇవ్వచ్చు. డ్రైవరు కోసాడ్‌లో ఉంటాడట, జగిత్యాల వైపు మనిషి. నా ఫోన్ సంభాషణ విని తెలుగులోకి దిగాడు.

"ఏంది సార్ గింత బ్యాగు, పెళ్లికా?"

"పారాచూట్."

అద్దంలో నన్ను పైనించి కిందికి చూశాడు. "మీదైతే కాదు."

"మా ఆవిడది."

"మేడం దుంకుతదా? మా ఇంట్లామె డాబా ఎక్కి బట్టలు తెమ్మంటేనే వణుకుతది. జర మేడంను మా ఇంటికి పంపుండ్రి సార్, ధైర్యం చెప్తది."

సరే అన్నాను. ఆమె ఇక లేదని చెప్పబుద్ధి కాలేదు.

స్టేషన్ బయట లోచో తిన్నాను, ఆవిరి మీద ఉడికించే సూరత్ శనగపప్పు టిఫిన్. ఎనిమిది దాటాక భరూచ్ వైపు వెళ్లే లోకల్ ఉంటుంది. టికెట్ చాలా తక్కువ, ప్రయాణం ముప్పావు గంట. మిల్లులకు వెళ్లేవాళ్లతో నిండి ఉంటుంది కాబట్టి చివరి పెట్టె నయం. కిమ్‌లో దిగి షేర్ ఆటోలో ఇరవై రూపాయలిస్తే ఫ్యాక్టరీల దగ్గర దింపుతారు.

రాజమల్లు సైన్యంలో చాలా ఏళ్లు పారాచూట్లు మడిచాడు. ఇప్పుడు పట్టీలు నేసే యూనిట్‌లో సూపర్‌వైజరు. యూనిట్‌కు సెలవున్న రోజు వెనక గదిలో పొడవాటి బల్ల మీద రిగ్‌లు చూస్తాడు. సుజాత రిగ్ చూడగానే గుర్తుపట్టాడు. ఎవరికని అడిగాడు. శ్రావ్య సంగతి చెప్పాను.

"ఫ్రీఫ్లై నేర్సుకుంటదా, దీంతోని?"

"కుట్లన్నీ బాగున్నాయి. బకిల్స్‌కు తుప్పు లేదు. కొనేటప్పుడు భూతద్దంతో చూశాను." హజీరాలో నా ఉద్యోగం తనిఖీయే. నేను సంతకం పెట్టకుండా ప్రెషర్ వెసెల్, అంటే గ్యాసును ఒత్తిడితో నింపే ఇనుప ట్యాంకు, ఫ్యాక్టరీ గేటు దాటదు.

"మీరు ఇంజనీర్లు ఇనుమును చూసినట్టు గుడ్డను చూస్తరు సార్. తొడుక్కోండ్రి. గా కుర్చీల కూచోండ్రి."

కూర్చున్నాను. తొడల పట్టీలు జారి మోకాళ్ల దగ్గరికి వచ్చాయి. వాటిని వెనక కలిపి ఉంచే ఎలాస్టిక్ ఈ రిగ్‌కు లేదు. తర్వాత అతను నా వెనక నిలబడి అరచేతిని కింది నుంచి పైకి వీపు మీదుగా లాగాడు. పారాచూట్ సంచీ తెరుచుకోకుండా పట్టి ఉంచే పిన్ను మీది మూత లేచింది. ఇంకోసారి లాగాడు. నడుము దగ్గరి సాగే సంచిలోంచి, పెద్ద పారాచూట్‌ను బయటికి లాగే చిన్న గొడుగు జారి నేల మీద పడింది.

"నా చెయ్యికే గిట్లయితే, గాలికి ఏమైతది? పొట్ట మీద పడితే వీపు కాడ గాలి జోరుండదు. కూచున్నా తలకిందులైనా వీపును గోకుకుంట పోతది. ఏడ లూజుంటే ఆడ దూరుతది. గంత స్పీడుల తెరుచుకుంటే మెడ ఇరుగుతది, లేకుంటే గుడ్డ చినుగుతది. పైన ఇంకొకలుంటే వాళ్లు గూడ పోతరు."

"బాగు చేయలేమా?"

"సంచి మారుస్త. మూత మార్చాలంటే తయారు చేసినోళ్లు కావాలె, వాళ్లు ఎన్నడో బంద్ చేసిండ్రు. పాతదని కాదు సార్. పాతవి గూడ కొన్ని పనికొస్తయి. ఇది ఆ పనికి కుట్టింది కాదు." కిందపడ్డ చిన్న గొడుగును తీసి బల్ల మీద పెట్టాడు. "మేడంకు గూడ గిదే చెప్పిన."

రిగ్ వీపు వైపు చిన్న జేబులోంచి కార్డు తీశాడు. రిజర్వ్ మడిచిన ప్రతిసారీ రిగ్గరు అందులో తేదీ వేసి సంతకం పెట్టాలి. మూడేళ్ల కిందటి వరుసలో, సంతకం పక్కన, హిందీలో రాసి ఉంది: ఫ్రీఫ్లైకి పనికిరాదు.

"కొత్తది కొనుక్కోమ్మా అన్న. 'మా ఆయన నాలుగు నెలలు వెతికి కొన్నడు, ఆయనకు చెప్పకండి' అన్నది. నేను చెప్పలె. మీరిప్పుడు పిల్లకు ఇస్తమంటున్నరు, అందుకని చెప్తున్న."

ఫ్రీఫ్లై నేర్చుకుంటానని ఎంతో సరదాపడిన సుజాత ఆ ఏడాది ఉన్నట్టుండి మానేసింది. ఎందుకని నేను అడగలేదు. భయపడిందనుకున్నాను. ఇంటికి స్నేహితులు భోజనానికి వచ్చినప్పుడు, "మా ఆవిడ తలకిందులుగా ఎగురుతానని బయల్దేరి బోర్లాపడే దగ్గరే ఆగింది" అనేవాణ్ని. ఒకసారి కాదు, చాలాసార్లు. ఆమె నవ్వి పెరుగు గిన్నె నా వైపు జరిపేది.

తిరుగు లోకల్‌లో రిగ్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నాలుగు నెలలు వెతికినవాణ్ని ఒక్కరోజు కిమ్ వెళ్లి అడగలేకపోయాను. పట్టీలు తెగుతాయేమోనని చూశానే తప్ప, ఆమె దానితో ఏం చేయాలనుకుంటోందో చూడలేదు. తెలిశాక కూడా ఆమె నన్ను నొప్పించలేదు, తన సరదా వదులుకుంది. ఆ పిల్లకు ఇస్తానని మాటిచ్చేటప్పుడు కూడా నేను కార్డు తీసి చూడలేదు. పాత రిగ్‌తో ఫ్రీఫ్లై మొదలుపెట్టాలనుకునే వారికి ఒకే సలహా. రిగ్గరు దగ్గరికి వెళ్లి 'ఇది బాగుందా' అని అడగకండి. తొడుక్కుని, కుర్చీలో కూర్చుని, 'ఫ్రీఫ్లైకి పనికొస్తుందా' అని అడగండి.

శ్రావ్య రిగ్ తీసుకెళ్లడానికి వస్తోంది. రేపు ఉదయం ఏడున్నరకు స్టేషన్‌కు ఖాళీ చేతులతో వెళ్తాను. తను రైలు దిగగానే రిగ్ ఇవ్వనని చెబుతాను. వాళ్ల పెద్దమ్మ ఫ్రీఫ్లై ఎందుకు మానేసిందో కూడా చెబుతాను.