వంకర గీతలు

జపానులోని కనజావాలో, గీతలు కలిసేచోట నల్ల, తెల్ల రాళ్ళు పెట్టి ఆడే గో ఆట క్లబ్బులో, తొగాషి గురువుగారు గళ్ళ పలక మీద రాయి పెట్టే ముందు, రాజముద్ర వేయబోతున్నట్టు దాన్ని రెండు వేళ్ళతో ఎత్తిపట్టి, అందరూ చూసేదాకా ఆగుతారు. పోయిన ఏడు కంటి వెనక రెటీనా వాచి చూపు మసకబారితే, స్టెరాయిడ్ మాత్రలే కాపాడాయి. ఆ మాత్రలకు మొహం గుమ్మడికాయలా ఉబ్బిందని, చూపు తిరిగి రాగానే డాక్టరుకు చెప్పకుండా మానేశారు. వాపు తిరగబెడితే ముందే పసిగట్టడానికి, రోజూ ఒక్కో కన్ను మూసి గీతలు తిన్నగా కనపడుతున్నాయో లేదో చూసుకోమని డాక్టరిచ్చిన గళ్ళ కాగితం ఆయన టీకప్పు కింద నానుతూ ఉంటుంది. "నలభై ఏళ్ళుగా గళ్ళే చూస్తున్నా. నిన్నగాక మొన్న పుట్టినవాడు నాకు గళ్ళు నేర్పుతాడా!" అని ఈసడింపు.

నిన్న ఆట మధ్యలో, ఎదురుగా కూర్చున్న చేపల దుకాణం మిత్సుయె మీద విరుచుకుపడ్డారు. "రాయి గీత మీద పెట్టడం కూడా రాదా నీకు? అసలు ఈ పలకే వంగిపోయింది. గీతలు మెలికలు తిరుగుతుంటే ఒక్కరికీ కనపడదేం?" ఆవిడ లేచి వెళ్ళి, చెక్క స్కేలు తెచ్చి గీత పక్కన ఆనించింది. "చూడండి గురువుగారూ, వెంట్రుకవాసి తేడా లేదు. ఆస్పత్రికి పదండి, నేనూ వస్తాను." ఆయన వంగి స్కేలును చాలాసేపు చూశారు. తర్వాత దాన్ని ఆవిడ ఒళ్ళోకి విసిరేశారు.

"ఇదీ వంకరే. ఈ రోజుల్లో స్కేలు కూడా తిన్నగా చేసి చావడం లేదు."